డీజిల్ బండి ఈసీఎం మార్చడం: రాయగడ, కొరాపుట్ దారుల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని రాయగడలో మా షెడ్డు ముందు ఓడీ నంబరు బండ్లు, ఏపీ నంబరు బండ్లు పక్కపక్కనే ఆగుతాయి. పార్వతీపురం నుంచి కూనేరు మీదుగా వచ్చేవి, సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి పొట్టంగి, సిమిలిగుడ తిరిగి వచ్చేవి, జేకేపూర్ కాగితం మిల్లుకు కర్ర తోలేవి, గుణుపూర్ వైపు కూరగాయల పికప్‌లు. డ్రైవర్ తెలుగువాడైనా ఒడియావాడైనా దిగగానే అనే మాట ఒకటే: "బాక్సు పోయిందంట మేస్త్రీ." బాక్సు అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, అదే ఈసీఎం. ఎవరన్నారని అడిగితే దారిలో ఎవరో అన్నారంటారు. ఆ మాట పట్టుకుని డబ్బు పోగొట్టుకున్నవాళ్లను చూసి చూసి ఇది రాస్తున్నాను. నా దగ్గరికి అలా వచ్చిన బండ్లలో ఎక్కువ వాటికి బాక్సు బాగానే ఉంది.

ఈసీఎం, ఈసీయూ, బాక్సు, కంప్యూటర్... అన్నీ ఒకటేనా?

మన మాటల్లో ఒకటే. కాకపోతే బండిలో ఏబీఎస్‌కు, ఆటోమేటిక్ గేరుబాక్సుకు, కొన్నిట్లో యూరియా చల్లి పొగలోని కాలుష్యం తగ్గించే సిస్టానికి కూడా వేరే ఈసీయూలు ఉంటాయి. ఇక్కడ నేను ఈసీఎం అంటున్నది ఇంజిన్‌ను నడిపేదాన్నే. క్రాంక్ సెన్సార్, క్యామ్ సెన్సార్, యాక్సిలరేటర్ పెడల్, కూలెంట్ వేడి, రైల్ ప్రెజర్ (ఇంజెక్టర్లకు డీజిల్ పంచే పైపులో ఒత్తిడి), టర్బో గాలి, వీటన్నిటినీ చూసుకుని ఏ సిలిండర్‌కు ఏ క్షణంలో ఎంత డీజిల్ కొట్టాలో తేల్చి, ఆ ఇంజెక్టర్‌కు కరెంటు పంపడం దాని పని. పాత పంపు ఇంజిన్లలో ఈ లెక్కంతా పంపులోని గవర్నర్ చూసుకునేది.

మా పాత బండికి కూడా ఈసీఎం ఉంటుందా?

కామన్ రైల్ ఇంజిన్, అంటే ఒకే పైపులోంచి అన్ని ఇంజెక్టర్లకు ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందేది అయితే ఉంటుంది. కాలుష్య ప్రమాణాల్లో బీఎస్-4 దేశమంతటా 2017 ఏప్రిల్ 1 నుంచి, బీఎస్-6 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. బీఎస్-6 డీజిల్ బండికి ఈసీఎం లేకపోవడం అన్నది లేదు. అంతకు ముందటి మెకానికల్ పంపు లారీలు మన రోడ్ల మీద ఇంకా తిరుగుతున్నాయి, వాటికి ఈ పేజీతో పని లేదు.

ఈసీఎం నిజంగా పోయిందని ఎలా తెలుస్తుంది?

తాళం తిప్పి ఇగ్నిషన్ ఆన్ చేయండి, సెల్ఫ్ కొట్టకండి. చెక్ ఇంజిన్ లైటు వెలగాలి. అది అసలే వెలగకుండా, స్కానర్ (బండికి తగిలించి తప్పుల కోడ్లు చదివే పరికరం) ఈసీఎంతో మాట్లాడకుండా, సెన్సార్ల దగ్గర రావాల్సిన 5 వోల్టులు లేకుండా, ఈ మూడూ ఒకేసారి ఉంటే అనుమానించవచ్చు. అప్పుడు కూడా తప్పు ఈసీఎందే అని కాదు. దానికి కరెంటు అందకపోయినా సరిగ్గా ఇవే మూడు కనిపిస్తాయి.

ఇంకో రకం ఉంది. బండి నడుస్తూనే ఉంటుంది కానీ ఒక సిలిండర్ ఎప్పుడూ కొట్టదు. ఇంజెక్టర్ మార్చినా, వైరు మార్చినా అదే సిలిండర్. అప్పుడు ఈసీఎం లోపల ఆ ఇంజెక్టర్‌ను నడిపే డ్రైవర్ సర్క్యూట్ కాలిపోయి ఉండవచ్చు. వేడెక్కాక ఆగిపోయి, చల్లారాక మళ్లీ స్టార్ట్ అయ్యే బండ్లను కూడా బాక్సు మీదకు తోసేస్తుంటారు. వాటిలో క్రాంక్ సెన్సార్ దొంగ అయిన సందర్భాలే నేను ఎక్కువ చూశాను. సెల్ఫ్ కొడుతుండగా స్కానర్‌లో ఆర్‌పీఎం సున్నా చూపిస్తే ముందు ఆ సెన్సార్ దగ్గరికి వెళ్లండి.

స్కానర్‌లో పీ 0606 అని వచ్చింది. ఇక మార్చేయడమేనా?

పీ 0606 అంటే ఈసీఎం తన ప్రాసెసర్‌లో లోపం ఉందని తానే చెప్పుకోవడం. పీ 0601 మెమరీ లెక్క తప్పిందని చెప్పడం. ఇవి గట్టి సాక్ష్యాలే. అయినా బ్యాటరీ నీరసంగా ఉండి సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజ్ బాగా పడిపోతే కూడా ఇలాంటి కోడ్లు రాసుకోవచ్చు. బ్యాటరీ సరిచేసి, కోడ్ చెరిపి, నాలుగు రోజులు తిప్పి చూడండి. మళ్లీ వస్తే అప్పుడు మాట్లాడుకుందాం.

యూ 0100 వస్తే బండిలోని మిగతా ఈసీయూలకు ఇంజిన్ ఈసీఎం వినిపించడం లేదని అర్థం. చనిపోయిందని అర్థం కాదు. పీ 0642, పీ 0643 అయితే సెన్సార్లకు పోయే 5 వోల్టులు తగ్గాయి లేదా పెరిగాయి అని. దీని గురించి కింద ఉంది, వదలకుండా చదవండి. ఎక్కువ బాక్సులు అనవసరంగా మారేది ఇక్కడే.

మార్చే ముందు ఏమేం చూడాలి?

నేను చూసే వరస చెబుతాను. మల్టీమీటర్ చాలు. టెస్ట్ ల్యాంపుతో ఈసీఎం పిన్నుల జోలికి పోవద్దు.

మొదట బ్యాటరీ. సెల్ఫ్ కొడుతుండగా 12 వోల్టుల బండిలో 9.6 కన్నా కిందకు పడితే మిగతా పరీక్షలన్నీ ఆపేసి బ్యాటరీ సంగతి చూడండి.

తర్వాత ఫ్యూజులు, ఈసీఎంకు కరెంటు కలిపే మెయిన్ రిలే. ఫ్యూజు కంటికి బాగానే కనిపిస్తుంది, కాళ్ల దగ్గర పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. తీసి, గీకి, పెట్టండి. రిలేను పక్కనున్న అదే రకం రిలేతో మార్చి చూడటానికి పైసా ఖర్చు లేదు.

ఆ తర్వాత ఎర్తింగ్. చాలామంది మీటరును ఓమ్స్‌లో పెట్టి "ఎర్త్ వస్తోంది" అని సరిపెట్టుకుంటారు. పది పోగుల తీగలో తొమ్మిది తెగి ఒక్కటి మిగిలినా ఓమ్స్‌లో బాగానే చూపిస్తుంది. వోల్టుల్లో చూడాలి. మీటరు ఒక కాలు బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఈసీఎం కప్లర్ (వైర్ల ప్లగ్గు) వెనక ఎర్త్ వైరు మీద పెట్టి, సెల్ఫ్ కొట్టించండి. 0.2 వోల్టులు దాటితే ఎర్తింగ్ బాగోలేదు. ఛాసిస్ మీద బోల్టు విప్పి, పెయింటు, తుప్పు గీకి, బిగించి మళ్లీ చూడండి. కొరాపుట్ వర్షాలకు నెలల తరబడి తడిసే ఛాసిస్‌లో ఇది పోవడం వింతేమీ కాదు.

ఇక 5 వోల్టుల సంగతి. ఈసీఎం చాలా సెన్సార్లకు ఒకే 5 వోల్టుల లైను పంచుతుంది. వాటిలో ఒక్క సెన్సార్ లోపల షార్ట్ అయినా ఆ లైను మొత్తం పడిపోతుంది, బండి ఆగిపోతుంది, స్కానర్‌లో అరడజను కోడ్లు వస్తాయి. చూసినవాళ్లు "ఇన్ని ఒకేసారి పోవు కదా, బాక్సే పోయింది" అంటారు. ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి, ఒక సెన్సార్ దగ్గర 5 వోల్టులు ఉన్నాయేమో చూస్తూ, మిగతా సెన్సార్ల కప్లర్లు ఒక్కొక్కటే పీకండి. ఏది పీకినప్పుడు 5 తిరిగి వస్తుందో అదే దొంగ. అన్నీ పీకినా రాకపోతే వైరింగ్ చూడండి. వైరింగ్ కూడా బాగుంటే, అప్పుడు ఈసీఎం.

చివరిగా క్యాన్ లైను, అంటే ఈసీయూలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వైర్ల జత. బ్యాటరీ విప్పేసి, పదహారు పిన్నుల స్కానర్ సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య ఓమ్స్ చూస్తే చాలా బండ్లలో 60 దగ్గర రావాలి. ఆ లైను రెండు చివరలా 120 ఓమ్స్ రెసిస్టర్లు ఉంటాయి కాబట్టి అలా వస్తుంది. 120 వస్తే ఒక చివర తెగింది. సున్నా దగ్గర వస్తే రెండు వైర్లు ఎక్కడో ఒకదానికొకటి తగులుతున్నాయి.

ఇదంతా గంటన్నర పని. గోటితో పోయేదానికి గొడ్డలి తీసే ముందు ఆ గంటన్నర ఇవ్వండి.

సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు. ఈసీఎమ్మేనా?

చాలా ఇంజిన్లలో రైల్ ప్రెజర్ ఓ 150, 200 బార్ కూడకపోతే ఈసీఎం ఇంజెక్టర్లను తెరవనే తెరవదు. అది దాని తప్పు కాదు, బుద్ధి. డీజిల్ ఫిల్టర్ మార్చాక గాలి పట్టినా, ఫిల్టర్ మూసుకుపోయినా, ఇంజెక్టర్ లీకై ట్యాంకుకు తిరిగిపోయే డీజిల్ ఎక్కువైనా ఇదే జరుగుతుంది. స్కానర్‌లో రైల్ ప్రెజర్ చూడకుండా బాక్సు గురించి ఆలోచించకండి. ఒక మాట, గాలి తీయడానికి పాత ఇంజిన్లలో లాగా ఇంజిన్ తిరుగుతుండగా నాజిల్ పైపు వదులు చేయకండి. నడుస్తున్న కామన్ రైల్‌లో ప్రెజర్ వందల బార్ నుంచి 1600 దాటేదాకా ఉంటుంది. ఆ డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

విశాఖలో బాగా లాగుతుంది, ఘాట్ ఎక్కి కొరాపుట్ వచ్చేసరికి పికప్ పోతుంది. ఏమిటిది?

ఈ ప్రశ్న మన వైపే పుట్టింది. కొరాపుట్ సముద్ర మట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తు. విశాఖ సముద్రం ఒడ్డు. గాలి ఒత్తిడి విశాఖలో 100 కిలోపాస్కల్స్ దగ్గర ఉంటే కొరాపుట్‌లో 91 దగ్గరకు దిగుతుంది. ఆ తేడా తెలుసుకోవడానికి చాలా ఈసీఎంలలో లోపలే ఒక గాలి ఒత్తిడి సెన్సార్ ఉంటుంది. పైకి వెళ్లేకొద్దీ డీజిల్ కాస్త తగ్గించి, టర్బో మరీ వేగంగా తిరగకుండా చూసుకుంటుంది. కొంచెం లాగుడు తగ్గడం సహజం.

మరీ పడిపోతే ఇలా చూడండి. ఇంజిన్ ఆపి ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి, స్కానర్‌లో రెండు అంకెలు చూడండి: బారో ప్రెజర్ (బయటి గాలి ఒత్తిడి), టర్బో గాలి ప్రెజర్. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు రెండూ దాదాపు ఒకటే ఉండాలి, కొరాపుట్‌లో 91 అటూ ఇటూగా. టర్బోది వేరేగా ఉంటే ఆ సెన్సార్ మార్చండి, తక్కువలో పోతుంది. బారో కొండ మీద కూడా 100 చూపిస్తే, ఈసీఎం మీద ఉండే చిన్న గాలి రంధ్రం బురదతోనో పెయింటుతోనో మూసుకుపోయిందేమో చూడండి. బాడీ కొట్టించి రంగు వేయించిన లారీల్లో ఇది చూశాను, బాక్సు కూడా నీలం రంగులో మెరిసిపోతూ ఉంది.

మరి అసలు ఈసీఎం ఎందుకు పోతుంది?

తనంతట తాను పోవడం తక్కువ, ఎవరో చంపుతారు. ఎవరు చంపారో తెలియకుండా కొత్తది పెడితే అదీ పోతుంది. ఇది నేను డబ్బు కట్టి నేర్చుకున్న పాఠం. షెడ్డు పెట్టిన కొత్తలో ఒక పికప్‌కు బాక్సు మార్చాను. స్టార్ట్ అయింది, ఓనరు స్వీట్లు కూడా పంచాడు. పదకొండో రోజు తాడు కట్టి లాక్కొచ్చారు, అదే సిలిండర్, అదే కోడ్. వైరింగ్ మొత్తం టేపు విప్పితే ఎయిర్ క్లీనర్ బ్రాకెట్ అంచుకు రాసుకుని ఇంజెక్టర్ వైరు ఒకటి చర్మం ఊడి ఉంది. గుంత వచ్చినప్పుడల్లా బాడీకి తగులుతోంది. రెండో బాక్సు ఖర్చు నేనే పెట్టుకున్నాను. ఆ ఓనరు ఇప్పటికీ నా దగ్గరికే వస్తాడు, స్వీట్లు మాత్రం తేవడం మానేశాడు.

మన వైపు ఎక్కువగా బాక్సులను చంపేవి ఇవి.

వెల్డింగ్. సాలూరు లారీల ఊరు, బాడీ పని, ఛాసిస్ పని రోజూ జరుగుతుంది. బ్యాటరీ విప్పకుండా ఛాసిస్ మీద ఆర్క్ పెడితే ఆ కరెంటు దారి వెతుక్కుంటూ ఈసీఎం ఎర్త్ గుండా పోవచ్చు. బ్యాటరీ నెగటివ్ తీసేయాలి, ఈసీఎం కప్లర్లు పీకేయాలి, వెల్డింగ్ మిషన్ ఎర్త్ క్లిప్పు వెల్డింగ్ చేసే చోటికి పక్కనే పెట్టాలి. కప్లర్లు పీకడానికి ఐదు నిమిషాలు కూడా పట్టదు. "చిన్న టాకానే కదా బావూ" అని వెల్డర్ అంటాడు, వినకండి.

లారీ బ్యాటరీతో జంప్ చేయడం. అర్ధరాత్రి ఘాట్‌లో పికప్ బ్యాటరీ డౌన్ అవుతుంది, దయగల లారీ డ్రైవర్ ఆగుతాడు. లారీది 24 వోల్టులు, పికప్‌ది 12. తెలియక రెండు బ్యాటరీల చివరల నుంచి తీసి ఇస్తే పికప్ ఈసీఎం అక్కడికక్కడే ఆఖరు కావచ్చు. జంప్ చేయక తప్పకపోతే లారీలోని ఒక్క బ్యాటరీ ప్లస్, మైనస్ నుంచే, అదీ లారీ ఇంజిన్ ఆపేసి తీసుకోవాలి. రెండు బండ్ల బాడీలు ఒకదానికొకటి తగలకూడదు.

నీళ్లు. ప్రెజర్ వాటర్‌తో ఇంజిన్ కడిగించుకోవడం మనవాళ్లకు పండగ. కప్లర్ రబ్బరు సీలు ఎండిపోయి ఉంటే నీరు లోపలికి పోతుంది. ఒక్కోసారి నీరు ఎక్కడో దూరంగా తెగిన వైరు నుంచి వైరు లోపల పాకుతూ వచ్చి ఈసీఎం పిన్నుల దగ్గర తేలుతుంది. పిన్నులు పచ్చగా ఉన్నాయంటే ఇదే కథ.

ఎలుకలు. వరి కోతల రోజుల్లో పొలం పక్కన, మిల్లు పక్కన రాత్రి నిలిపిన బండ్లకు ఇది మామూలే.

ఇంకోటి 24 వోల్టుల లారీలో టేపుకో ఫ్యానుకో ఒక్క బ్యాటరీ నుంచి 12 వోల్టులు లాక్కోవడం. నేరుగా బాక్సును చంపకపోయినా ఒక బ్యాటరీ నీరసించి, రెండోది ఓవర్‌ఛార్జ్ అయి, వోల్టేజ్ గందరగోళం మొదలవుతుంది. 24ను 12 చేసే కన్వర్టర్ పెట్టించుకోండి.

పోయిన బాక్సు రిపేరు అవుతుందా?

కొన్నిటికి అవుతుంది. లోపల కెపాసిటర్లు, ఇంజెక్టర్ డ్రైవర్ ట్రాన్సిస్టర్లు మార్చి బతికించేవాళ్లు ఉన్నారు. కొన్నిటిలో లోపలంతా జెల్ పోసి మూసేసి ఉంటారు, తెరిస్తే బోర్డు పాడవుతుంది. రిపేరుకు పంపే ముందు ఒకటి అడగండి: బెంచ్ మీద పరీక్షించి చూపిస్తారా? "పెట్టి చూడండి, నడిస్తే నడుస్తుంది" అనేవాళ్లకు ఇవ్వకండి. రిపేరులో ఒక లాభం కూడా ఉంది, డేటా అదే ఉంటుంది కాబట్టి తిరిగి పెట్టాక ప్రోగ్రామింగ్ గోల చాలావరకు తప్పుతుంది.

సెకండ్ హ్యాండ్ బాక్సు తక్కువలో దొరుకుతోంది. తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు, కళ్లు తెరుచుకుని. మీ బాక్సు మీద స్టిక్కర్‌లో హార్డ్‌వేర్ నంబరు, సాఫ్ట్‌వేర్ నంబరు ఉంటాయి. హార్డ్‌వేర్ నంబరు ఒక్క అంకె తేడా లేకుండా కలవాలి. చూడటానికి ఒకేలా ఉంది, కప్లర్ కూర్చుంది అని తీసుకుంటే అది వేరే హార్స్‌పవర్ ఇంజిన్‌ది, వేరే బీఎస్ రకానిది కావచ్చు. ఆపైన మీ పాత బాక్సు నుంచి డేటా చదివి దీనిలోకి ఎక్కించాలి. దాన్నే క్లోనింగ్ అంటారు. పాత బాక్సు పూర్తిగా చచ్చి, డేటా చదవడానికి కూడా రాకపోతే సెకండ్ హ్యాండ్ వ్యవహారం కష్టం. దొంగతనం జరగకుండా తాళాన్ని గుర్తుపట్టే ఇమ్మొబిలైజర్ పాత బండి తాళాన్నే గుర్తుపెట్టుకుని మీ తాళాన్ని కాదంటుంది. ఇంకో జాగ్రత్త, బిల్లు లేకుండా అమ్మే బాక్సు ఎక్కడిదో మీకు తెలియదు.

కొత్తది ఆర్డర్ చేసేటప్పుడు ఏం ఇవ్వాలి?

ఆర్సీలోని పదిహేడు అక్షరాల ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, పాత బాక్సు స్టిక్కర్ ఫోటో. మోడల్ పేరు, సంవత్సరం చెబితే చాలదు. ఎలక్ట్రికల్ సామాను ఒకసారి అమ్మితే చాలా షాపులు వెనక్కి తీసుకోవు. విశాఖ నుంచి బస్సు పార్సిల్లో తెప్పించుకున్నాక నంబరు తేడా చూసి తల పట్టుకుంటే లాభం లేదు.

విప్పి బిగించడం మేమే చేసుకోవచ్చా?

చేతులు పనికి అలవాటైతే కష్టమేమీ కాదు. ముందు, ప్రాణం మిగిలి ఉన్న పాత బాక్సు అయితే స్కానర్‌తో అందులోని వివరాలన్నీ చదివి ఫోటోలు తీసి పెట్టుకోండి. తర్వాత ఇగ్నిషన్ ఆపి, తాళం తీసి, కాసేపు ఆగండి. తాళం ఆపగానే ఈసీఎం నిద్రపోదు. కొన్ని సెకన్ల పాటు తన లెక్కలు రాసుకుంటుంది. యూరియా బండి అయితే పైపుల్లోని యూరియాను ట్యాంకుకు వెనక్కి లాగే పని కూడా అప్పుడే జరుగుతుంది, దానికి ఒకటి రెండు నిమిషాలు. ఆ తర్వాతే బ్యాటరీ నెగటివ్ తీయాలి. రోజూ బ్యాటరీ కట్-ఆఫ్ స్విచ్ వాడే లారీ డ్రైవర్లకూ ఇదే మాట. తాళం తిప్పిన వెంటనే కట్-ఆఫ్ కొట్టేస్తే పైపుల్లో యూరియా గడ్డకడుతుంది.

కప్లర్లకు ఎక్కువగా లివర్ లాక్ ఉంటుంది. లివర్ మొత్తం తిప్పాకే కప్లర్ బయటికి రావాలి, స్క్రూ డ్రైవర్‌తో పెకలించకండి. కార్లు, పికప్‌లలో వాడే ఒక రకం ఈసీఎంకు 94 పిన్నులది ఒకటి, 60 పిన్నులది ఒకటి, రెండు కప్లర్లు ఉంటాయి. ఆ 154లో ఒక్కటి వంగినా బండి కదలదు. టార్చి వేసి పిన్నులు చూడండి. మీటరు లావు మొనను ఆడ పిన్నులోకి గుచ్చితే అది వెడల్పై, తర్వాత గుంతల్లో పట్టీపట్టక వదిలేస్తుంది. అంత వెతుక్కునే జబ్బు ఇంకోటి ఉండదు.

కొన్ని పెద్ద ఇంజిన్లలో ఈసీఎం ఇంజిన్ పక్కకే బిగించి, వెనక డీజిల్ పారే చల్లార్చే ప్లేటు ఉంటుంది. అక్కడ డీజిల్ పైపులు విప్పాల్సి వస్తుంది కాబట్టి, కొత్తది పెట్టాక గాలి తీయాలి. కింద రబ్బరు బుష్‌లు అన్నీ తిరిగి పెట్టండి. ఒకటి పోయిందని గట్టిగా బిగించేస్తే ఇంజిన్ వణుకంతా బోర్డు మీద పడుతుంది. బాక్సుకు వేరే ఎర్త్ పట్టీ ఉంటే అది మర్చిపోవద్దు. కొత్త బాక్సు అట్టపెట్టెలోంచి తీశాక పిన్నులను చేతితో తాకకండి.

బిగించగానే స్టార్ట్ అవుతుందా?

మీ ఛాసిస్ నంబరుకు ముందే ప్రోగ్రామ్ చేసి ఇస్తే అవ్వచ్చు. ఖాళీ బాక్సు అయితే కాదు. సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి, ఛాసిస్ నంబరు రాయాలి, ఇమ్మొబిలైజర్‌తో తాళం కలపాలి, తిరిగిన కిలోమీటర్లు ఎక్కించాలి, ఇంజెక్టర్ కోడ్లు రాయాలి. కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉన్న లాప్‌టాప్ లేకుండా ఇవన్నీ జరగవు. వీధి స్కానర్ కోడ్లు చదవగలదు, ఈ పనులు మాత్రం అన్ని బండ్లకూ చేయలేదు. కాబట్టి బాక్సు కొనేముందే దాన్ని ప్రోగ్రామ్ ఎవరు చేస్తారో మాట్లాడి పెట్టుకోండి. వాళ్లు కొండ మీదికి వస్తారా, బండిని మనమే ట్రాలీ మీద దింపాలా అన్నది కూడా.

ఇంజెక్టర్ కోడ్ అంటే ఏమిటి? రాయకపోతే ఏమవుతుంది?

ఒకే ఫ్యాక్టరీలో చేసినా ఏ రెండు ఇంజెక్టర్లూ సరిగ్గా ఒకే అంత డీజిల్ కొట్టవు. ఆ తేడాను కొలిచి ఇంజెక్టర్ తల మీద అక్షరాలు, అంకెలతో ముద్రిస్తారు. ఏ సిలిండర్‌లో ఏది ఉందో ఈసీఎంకు చెబితే ఆ తేడాను సరిదిద్దుకుంటుంది. రాయకపోయినా చాలా బండ్లు స్టార్ట్ అవుతాయి. కానీ ఐడిల్‌లో వణుకు, టకటక చప్పుడు, పొగ, డీజిల్ ఎక్కువ తాగడం ఉంటాయి. పాత బాక్సులోంచి కోడ్లు చదవలేకపోతే కవరు విప్పి ఇంజెక్టర్ల మీద చూసి రాసుకోవాలి. సిలిండర్ వరస తప్పకండి.

ప్రోగ్రామింగ్ మధ్యలో కరెంటు పోతే?

బాక్సు సగం రాసిన పలకలా మిగిలిపోతుంది, ఒక్కోసారి మళ్లీ లేవదు. అందుకే బండి బ్యాటరీని నమ్ముకోకుండా స్థిరంగా వోల్టేజ్ ఇచ్చే సప్లై పెడతారు. మామూలు ఛార్జర్ వోల్టేజ్ ఎగిరిపడుతుంది, అది పనికిరాదు. ఏసీ, లైట్లు, టేపు ఆపేయాలి, తలుపులు తీసి వేయకూడదు. లాప్‌టాప్ బ్యాటరీ కూడా నిండుగా ఉండాలి. ఈదురుగాలుల సాయంత్రం మా వైపు కరెంటు మీద భరోసా పెట్టుకుని ఈ పని మొదలుపెట్టను.

బీఎస్-6 బండికి ఇంకేమైనా చేయాలా?

డీపీఎఫ్ ఉంటే తప్పకుండా. పొగ మసిని పట్టే ఆ ఫిల్టర్‌లో ఎంత మసి చేరిందో, ఎంత బూడిద పేరుకుందో లెక్క ఈసీఎం దగ్గరే ఉంటుంది. కొత్త బాక్సుకు ఆ లెక్క తెలియదు, ఫిల్టర్ కొత్తదే అనుకుంటుంది. పాత విలువలు చదివి దీనిలో రాయాలి. లేకపోతే నిండిన ఫిల్టర్‌ను కాల్చి శుభ్రం చేసే సమయం తెలియక అది మూసుకుపోతుంది. పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్‌కు, కొన్నిట్లో టర్బో యాక్చువేటర్‌కు కూడా కొత్తగా నేర్పించే ప్రక్రియ ఉంటుంది. యూరియా బండ్లలో ద్రవం 32.5 శాతం యూరియా ఉన్న సరైనదే ఉండాలి. యూరియా ట్యాంకులో నీళ్లు కలిపి ఉంటే కొత్త ఈసీఎం కూడా పాతదానిలాగే పవర్ తగ్గిస్తుంది.

ఎలాగూ ప్రోగ్రామ్ చేస్తున్నారు కదా, యూరియా, డీపీఎఫ్ తీసేసి, స్పీడ్ లిమిట్ కూడా ఎత్తేయిస్తే?

వారానికి ఒకరైనా అడుగుతారు. నేను చేయను. కాలుష్య నిబంధనలు మీరితే మోటారు వాహనాల చట్టం 190(2) కింద, 2019 సవరణ తర్వాత, మూడు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. రవాణా బండ్లకు మామూలుగా 80 కిలోమీటర్ల దగ్గర స్పీడ్ లిమిటర్ ఉండాలి. కొత్త బాక్సులో ఆ అంకె సరిగా పెట్టారో లేదో చూసుకోండి. 

ఖర్చు ఎంత? బీమా ఇస్తుందా?

బండిని బట్టి వేలల్లోంచి లక్ష దాకా కూడా పోతుంది. అంకె చెప్పి మిమ్మల్ని తప్పుదారి పట్టించను. బాక్సు ధర, ప్రోగ్రామింగ్, బండి లాగించిన ఖర్చు, మూడూ విడివిడిగా కాగితం మీద రాయించుకోండి. "మొత్తం కలిపి ఇంత" అన్న చోటే తర్వాత గొడవలు వస్తాయి. మామూలు బీమా పాలసీ ఎలక్ట్రికల్, మెకానికల్ బ్రేక్‌డౌన్‌కు ఇవ్వదు. యాక్సిడెంట్‌లో బాక్సు పగిలితే వేరే సంగతి. వారంటీలో ఉన్న బండి అయితే సీలు విప్పకుండా నేరుగా సర్వీస్ సెంటర్‌కే తీసుకెళ్లండి.

మార్చాక ఎలా పరీక్షించాలి?

కోడ్లన్నీ చెరిపి, ఖాళీ బండిని కాసేపు ఐడిల్‌లో ఉంచి, తర్వాత లోడుతో ఘాట్ ఒకసారి ఎక్కించండి. వేడెక్కాక ఆపి, మళ్లీ స్టార్ట్ చేయండి. తిరిగొచ్చాక స్కానర్ పెడితే కోడ్లు ఉండకూడదు. రైల్ ప్రెజర్‌లో అడిగినదీ వచ్చినదీ దగ్గరదగ్గరగా ఉండాలి. చివరగా కప్లర్ పీకి సీలు దగ్గర తడి ఉందేమో చూడండి.

పాత బాక్సు ఏం చేయాలి? షాపువాళ్లు తీసుకుంటామంటున్నారు.

కనీసం రెండు మూడు నెలలు మీ దగ్గరే ఉంచుకోండి. కొత్తదానిలో ఏదైనా విలువ తేడా వస్తే పాతదానిలోంచి చదవచ్చు. కొత్తదీ పోతే రెండిటినీ పక్కన పెట్టి చూస్తే చంపినవాడు దొరుకుతాడు. కప్లర్ మూతలు పెట్టి, ప్లాస్టిక్ కవరులో చుట్టి, బండి నంబరు, తేదీ రాసి బీరువాలో పెట్టండి. మా షెడ్డులో అలాంటివి తొమ్మిది ఉన్నాయి. వాటిలో రెండు నిక్షేపంగా పనిచేస్తాయి.